ప్రశ్న–జవాబు: యూవీ దీపం వెలిగితే చాలదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అతినీలలోహిత (యూవీ) దీపాల గురించే. నీళ్ల ప్లాంట్ల వాళ్లు, రొయ్య హేచరీల వాళ్లు, ల్యాబుల వాళ్లు, సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్లు అందరూ చేతిలో పట్టుకునే యూవీ మీటర్లు కొంటున్నారు. కొన్నాక దాని మీద కనపడే అంకెను ఎలా చదవాలో తెలియక రాస్తున్నారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

మాది చిన్న ఆర్వో ప్లాంటు. యూవీ ట్యూబు పనిచేస్తోందో లేదో చూద్దామని ఆన్‌లైన్‌లో మీటరు తెప్పించాను. ట్యూబు నీలంగా బాగానే వెలుగుతోంది. మీటరు మాత్రం పది మైక్రోవాట్లు కూడా చూపడం లేదు. పోయింది ట్యూబా, మీటరా? – ప్లాంటు యజమాని, కోవూరు

రెండూ బాగానే ఉండి ఉండొచ్చు. వాటికి జోడీ కుదరలేదు, అంతే.

యూవీ అంటే ఒకే రకం వెలుగు కాదు. వెలుగు తరంగం పొడుగు 315 నుంచి 400 నానోమీటర్ల దాకా ఉంటే యూవీ-ఎ, 280 నుంచి 315 దాకా యూవీ-బి, 280 కన్నా తక్కువైతే యూవీ-సి. మీ ప్లాంటులో ఉన్నది తక్కువ పీడనపు పాదరసం ట్యూబు. దాని యూవీలో దాదాపు అంతా 254 నానోమీటర్ల దగ్గరే వస్తుంది. సూక్ష్మజీవులను చంపేది అదే. బజారులో తేలిగ్గా దొరికే మీటర్లలో ఎక్కువ యూవీ-ఎ కోసం చేసినవి. ఉదాహరణకు లుట్రాన్ యూవీ-340ఎ చూసేది 290 నుంచి 390 దాకానే, 254 దానికి కనపడదు. మీకు కనపడిన ఆ కాస్త అంకె ట్యూబు నుంచి దాంతోపాటు కొద్దిగా వచ్చే 313, 365 నానోమీటర్ల వెలుగుది.

ముందు మీటరు వెనక చీటీ చూడండి. ‘254’ అనో, ‘యూవీసీ’ అనో ఉండాలి. ‘280–400’ అనో ‘యూవీఏబీ’ అనో ఉంటే ఈ పనికి అది వద్దు. అమ్మేవాళ్లు పేజీ మీద ‘అన్ని రకాల యూవీ దీపాలకూ’ అని రాస్తుంటారు. ఒకే సెన్సరుతో అన్ని రకాలనూ సరిగ్గా కొలిచే చవక మీటరు లేదు.

చీటీ మీద నమ్మకం లేకపోతే రెండు పరీక్షలున్నాయి, పైసా ఖర్చు లేదు. ఒకటి, యూవీ-సి మీటరును మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టండి. సూర్యుడి యూవీ-సి అంతా పైన ఓజోన్ పొరలోనే ఆగిపోతుంది కాబట్టి మన రోహిణీ కార్తె ఎండలో కూడా అది సున్నా చూపాలి. అంకె కనపడిందంటే ఆ సెన్సరు మామూలు వెలుగునో యూవీ-ఎనో కూడా లెక్కలో కలుపుకుంటోందన్నమాట. రెండోది, వెలిగే ట్యూబుకూ మీటరుకూ మధ్య కిటికీ అద్దం ముక్క అడ్డం పెట్టండి. మామూలు గాజు 254ను పూర్తిగా ఆపేస్తుంది. రీడింగు సున్నాకు పడిపోతే మీటరు నిజంగా యూవీ-సినే చూస్తోంది. సగానికే పడితే ఆ మిగతా సగం అబద్ధం.

నీలం వెలుగు సంగతి కూడా చెప్పుకోవాలి. మీరు చూసే ఆ నీలం 405, 436 నానోమీటర్ల వెలుగుది. ట్యూబు వయసు మీద పడి 254 బాగా తగ్గిపోయినా ఆ నీలం దాదాపు అలాగే ఉంటుంది. అందుకే ‘వెలుగుతోంది కదా’ అని మూడేళ్లు నడిపేస్తుంటారు. సాధారణంగా ఈ ట్యూబుల ఆయుష్షు 8000 నుంచి 9000 గంటలు. ఆపకుండా నడిపితే ఏడాది.

సముద్రపు నీళ్లు పంపు చేసి ఇసుక ఫిల్టరు, తర్వాత కాట్రిడ్జ్ ఫిల్టర్లు, ఆ తర్వాత యూవీ. ఇదీ మా హేచరీ లైను. యూవీ స్టీలు గొట్టం లోపల ఉంటుంది, మీటరు లోపలికి పోదు. మరి కొలిచేదెలా? ఎప్పుడు మార్చాలి? – హేచరీ టెక్నీషియన్, అల్లూరు మండలం

ఈ ప్రశ్న అడిగినవాళ్లు మరో నలుగురున్నారు, అందుకే జవాబు పొడుగు.

చేతి మీటరు నీళ్లలోకి పోయే వస్తువు కాదు. మీ గొట్టానికి సెన్సరు కిటికీ ఉంటే సరే, లేకపోతే లోపల నీటికి ఎంత డోసు అందుతోందో ఈ మీటరు నేరుగా చెప్పలేదు. కానీ ఆ డోసును తగ్గించే మూడు దొంగల్లో ఇద్దరిని బయట పట్టుకోవచ్చు. ఒకటి ముసలి ట్యూబు, రెండోది మాసిన క్వార్ట్జ్ స్లీవ్, అంటే నీరు తగలకుండా ట్యూబుకు తొడిగే క్వార్ట్జ్ గొట్టం. మూడోది నీటి మసక.

ముందు ఒక కొలత పెట్టె చేయించుకోండి. ట్యూబు పొడుగుకు కాస్త ఎక్కువగా, 1 మీటరు దూరం పట్టేంత లోతున ప్లైవుడ్ పెట్టె. లోపలంతా మెరుపు లేని నల్ల రంగు. స్టీలు, అల్యూమినియం రేకులు యూవీ-సిని తిప్పికొడతాయి, వాటి మెరుపు కలిస్తే రీడింగు ఉబ్బుతుంది. ఒక వైపు ట్యూబుకు హోల్డర్లు, ఎదురు వైపు సరిగ్గా ట్యూబు మధ్యకు ఎదురుగా సెన్సరు పట్టేంత రంధ్రం. ట్యూబు నుంచి సెన్సరు ముఖానికి కచ్చితంగా 1 మీటరు. సెన్సరు ఏ కాస్త పక్కకు వంగినా రీడింగు పడిపోతుంది, కాబట్టి రంధ్రంలో బిగువుగా కూర్చునేలా చూడండి. చేత్తో పట్టుకుని కొలిస్తే ఒకే ట్యూబుకు ఒకే రోజు మూడు అంకెలొస్తాయి. పెట్టె మూసి ఉంటుంది కాబట్టి కళ్లకూ రక్షణ.

ట్యూబును దాని సొంత బ్యాలస్ట్‌ (చోక్)తోనే వెలిగించాలి. వెలిగించగానే వచ్చే అంకె రాసుకోవద్దు. పది నిమిషాలు ఆగండి. తర్వాత నిమిషానికోసారి మూడు రీడింగులు తీయండి. మూడూ నూటికి రెండు లోపు తేడాలో ఉంటే అప్పుడు రాసుకోండి. అప్పటి కరెంటు వోల్టేజీ కూడా పక్కన రాయండి. పాతకాలపు రాగి చోక్‌తో నడిచే ట్యూబు 230 వోల్టుల దగ్గర ఇచ్చినంత 190 దగ్గర ఇవ్వదు. ఎండాకాలం సాయంత్రాలు మోటార్లన్నీ ఒక్కసారి తిరిగేటప్పుడు కొలిచి, ట్యూబు పోయిందని పారేయకండి. ఎలక్ట్రానిక్ బ్యాలస్ట్‌కు ఈ బాధ తక్కువ. ఫ్యాను గాలి నేరుగా ట్యూబుకు తగలకూడదు. గాజు గోడ 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు మామూలు పాదరసం ట్యూబు ఎక్కువ ఇస్తుంది, గాలికి చల్లబడితే తగ్గుతుంది.

అంకె ఎంత రావాలి? 90 సెంటీమీటర్ల 30 వాట్ల మామూలు ట్యూబు కొత్తలో 1 మీటరు దూరాన చదరపు సెంటీమీటరుకు సుమారు 100 మైక్రోవాట్లు ఇస్తుంది. ఎక్కువ వాట్ల ట్యూబులకు అంతకంత ఎక్కువ. అయినా పుస్తకంలోని అంకె మీద ఎక్కువ ఆధారపడొద్దు. కొత్త ట్యూబు కొన్నప్పుడు 100 గంటలు నడిపి, మీ పెట్టెలో, మీ మీటరుతో కొలిచి ఆ అంకెను ట్యూబు చివరి లోహపు మూత మీద మార్కరుతో రాయండి. అదే మీకు నూటికి నూరు. నెలకోసారి కొలవండి. 80కి దిగితే కొత్తది తెప్పించి ఉంచుకోండి, 70కి దిగితే మార్చండి. మొదటి 100 గంటల్లో ట్యూబు కాస్త వేగంగా తగ్గి తర్వాత నిలకడ పడుతుంది, అందుకే పెట్టె విప్పిన రోజు అంకెను కొలబద్దగా పెట్టుకోవద్దంటున్నాం. ట్యూబు చివరలు నల్లబడితే అయిపోయిందనుకోవడం కూడా నమ్మదగ్గ గుర్తు కాదు.

ఇక స్లీవ్. చాలామంది ట్యూబును ఒట్టిగా ఒకసారి, స్లీవ్ తొడిగి ఒకసారి కొలిచి, ఆ తేడా స్లీవ్ తినేసిందనుకుంటారు. ఇందులో ఒక మెలిక ఉంది. స్లీవ్ తొడగ్గానే లోపల గాలి వేడెక్కి ట్యూబు వేడే మారిపోతుంది. అప్పుడు ట్యూబు ఇచ్చే వెలుగే మారుతుంది, స్లీవ్ మీద తప్పు తీర్పు వస్తుంది. సరైన పద్ధతి ఏమిటంటే, ఒకే ట్యూబును ముందు కడిగిన కొత్త స్లీవ్‌లో, తర్వాత వాడుతున్న స్లీవ్‌లో పెట్టి, రెండుసార్లూ పదేసి నిమిషాలు ఆగి కొలవాలి. కొత్తదానిలో 120, పాతదానిలో 90 వస్తే పాత స్లీవ్ 75 శాతమే వదులుతోందని అర్థం. అందుకే ఒక కొత్త స్లీవ్‌ను ఎప్పుడూ వాడకుండా గుడ్డలో చుట్టి కొలతకే అట్టిపెట్టుకోండి.

మాసిన స్లీవ్‌ను ముందు మంచినీళ్లతో కడిగి, లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టండి. సున్నపు పొర, బోరు నీటి ఇనుము మరక రెండూ వదులుతాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ కడిగి, చివర స్పిరిట్‌తో ఒకసారి తుడవండి. స్టీలు పీచు, ఇసుక, పళ్లపొడి దగ్గరికి రానీయొద్దు, గీతలు పడితే మురికి అక్కడే పట్టుకుంటుంది. తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు వేడికి కాలి మరకవుతుంది. కడిగాక కూడా 85 శాతానికి పైకి రాకపోతే ఆ స్లీవ్ కాలం తీరింది. తిరిగి బిగించేటప్పుడు ఓ-రింగులు కొత్తవి వేయండి. ఉప్పునీరు కారి లోపలికి పోతే ట్యూబు పిన్నులు, హోల్డరు రెండూ పోతాయి.

ఇప్పుడు లెక్క. డోసు అంటే వెలుగు తీవ్రతను సెకన్లతో గుణించడమే. మీ గొట్టంలో నీరు పట్టే చోటు 6 లీటర్లు, నిమిషానికి 60 లీటర్లు పోతోందనుకోండి. నీరు లోపల ఉండేది 6 సెకన్లు. సగటు తీవ్రత చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీవాట్లయితే డోసు 60 మిల్లీజౌళ్లు. ట్యూబు 70 శాతానికి, స్లీవ్ 85 శాతానికి దిగితే అదే నీటికి అందేది 36. రెండూ విడివిడిగా చూస్తే పెద్ద నష్టంలా కనపడవు, కలిపితే నూటికి నలభై పోయింది. తాగునీటి యూవీ యూనిట్లకు అమెరికా ప్రమాణంలో పై తరగతికి పెట్టిన అంకె 40 మిల్లీజౌళ్లు, అది గుర్తుంచుకుంటే మీరెక్కడున్నారో తెలుస్తుంది. హేచరీలో వైరస్‌ల కోసం ఎంత పెట్టాలన్నది యూనిట్ తయారీదారు కాగితంలో ఏ జీవికి ఎంత అని రాసి ఉంటుంది, దాన్ని పట్టించుకోండి. 6 సెకన్లు అన్నది కూడా సగటే. కొంత నీరు అడ్డదారిన తొందరగా దాటిపోతుంది కాబట్టి మన లెక్క కన్నా నిజం ఎప్పుడూ కాస్త తక్కువే.

మూడో దొంగ నీటి మసక. ఒక సెంటీమీటరు నీరు 254లో 95 శాతం వదిలితే మూడు సెంటీమీటర్ల తర్వాత 86 మిగులుతుంది. 70 శాతమే వదిలే నీరైతే మూడు సెంటీమీటర్లకు మిగిలేది 34. కంటికి రెండు నీళ్లూ ఒకేలా తేటగా ఉండొచ్చు, ఎందుకంటే కరిగి ఉన్న సేంద్రియ పదార్థం 254ను మింగుతుంది, మామూలు వెలుగును మింగదు. దీన్ని తెలుసుకోవాలంటే ల్యాబులో స్పెక్ట్రోఫోటోమీటరు మీద 254 దగ్గర చూపించాలి. వాన తర్వాత కాలవల నీరు సముద్రంలో కలిసినప్పుడు, పైన రాసిన అంకెలన్నీ సరిగ్గా ఉన్నా పంపు వేగం తగ్గించుకోవడమే మేలు. కాట్రిడ్జ్‌లు మార్చకుండా యూవీ ట్యూబులు పెంచుకుంటూ పోయేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

రొయ్యల పీసీఆర్ (డీఎన్ఏతో రోగాన్ని పట్టే పరీక్ష) ల్యాబులో క్యాబినెట్ లోపలి యూవీ లైటుకు ఎంత రీడింగు ఉంటే సరిపోతుంది? – ల్యాబ్ అసిస్టెంట్, ఒంగోలు

పని బల్ల మధ్యలో, 254 దగ్గర, చదరపు సెంటీమీటరుకు 40 మైక్రోవాట్లకు తగ్గకూడదన్నది బయోసేఫ్టీ క్యాబినెట్ల విషయంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న అంకె. కొలిచే ముందు ట్యూబు మీద దుమ్ము స్పిరిట్‌తో తుడవండి, కొన్నిసార్లు అంతటితోనే రీడింగు లేస్తుంది. సెన్సరును బల్ల మీద పెట్టి తలుపు మూసి, వైరు మాత్రం బయటికి తీసి చదవండి. నాలుగు మూలల్లోనూ కొలవండి, మధ్యలో 60 ఉండి మూలలో 15 ఉండటం మామూలే. పిపెట్ స్టాండు నీడ పడ్డ చోట సున్నా. నీడలోకి యూవీ పోదు, అందుకే బల్లను ముందు బ్లీచ్‌తో తుడవడం మానకూడదు. పీసీఆర్‌కు అడ్డొచ్చే పాత డీఎన్ఏ ముక్కలను పోగొట్టడానికి యూవీ ఒక్కటే చాలదు.

ఫోన్ డిస్‌ప్లేకి యూవీ గమ్ వేసి లైటు పెడుతున్నా. గమ్ పైన జిగట పోవడం లేదు. లైటు మీద 395 అని ఉంది. యూవీ-ఎ మీటరు పెడితే చాలా తక్కువ చూపిస్తోంది. లైటు మార్చాలా? – సెల్ పాయింట్, కావలి

తొందరపడొద్దు. యూవీ-ఎ మీటర్లు చాలావరకు 365 దగ్గర సరిచేసినవి. 395 దగ్గర వాటి చూపు బాగా మందగిస్తుంది, 405 దగ్గర దాదాపు గుడ్డివి. అసలున్నదాంట్లో చిన్న వాటానే చూపుతుంది. కాబట్టి ఈ మీటరుతో మీ లైటు బలం ఎంతో చెప్పలేరు, కానీ నిన్నటికీ ఇవాళ్టికీ తగ్గిందా లేదా అన్నది చెప్పొచ్చు. ఒకే దూరంలో, 3 సెంటీమీటర్ల చెక్క ముక్క ఆనించి, వెలిగించిన పది సెకన్లకు ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి కొలవండి. రెండోది బాగా పడిపోతే ఎల్ఈడీ వేడెక్కుతోంది, వెనక ఫ్యాను లేదా అల్యూమినియం రేకు సరిపోవడం లేదు. సన్నటి యూఎస్‌బీ వైరు, బలం లేని చార్జరు కూడా ఇదే పని చేస్తాయి.

జిగట మాత్రం చాలాసార్లు లైటు తప్పు కాదు. ఇలాంటి గమ్‌ల పై పొర గాలిలోని ఆక్సిజన్ తగలడం వల్ల గట్టిపడదు. గాజు కింద ఉన్నది గట్టిపడి, అంచున బయటికొచ్చింది జిగటగా ఉంటే ఇదే కారణం. అంచు మీద పల్చటి ప్లాస్టిక్ ఫిల్ము ఒత్తి లైటు పెట్టండి, లేదా గట్టిపడ్డాక ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడిచేయండి. గాజు కింద కూడా మెత్తగానే ఉంటే అప్పుడు సమయం పెంచండి, గమ్ సీసా మీద ఎన్ని నానోమీటర్లని ఉందో చూడండి. 365 అని ఉంటే 395 లైటుకు అది మందకొడిగానే గట్టిపడుతుంది.

స్క్రీన్ ప్రింటింగ్ ఎక్స్‌పోజింగ్ దీపాన్ని 50 నుంచి 70 సెంటీమీటర్లకు పైకెత్తాం. ఎమల్షన్ (వెలుగుకు గట్టిపడే ఫ్రేము పూత) కడిగితే కొట్టుకుపోతోంది. – నెల్లూరు

బల్బు లాంటి ఒక చోటి దీపానికి వెలుగు దూరపు వర్గానికి తగ్గట్టు పడిపోతుంది. 70ని 50తో భాగించి వర్గం చేస్తే 1.96. అంటే సమయం దాదాపు రెట్టింపు చేయాలి. మీటరు ఉంటే రెండు దూరాల్లోనూ ఫ్రేము అద్దం కింద పెట్టి కొలిచి, ఆ నిష్పత్తిలో సెకన్లు పెంచండి. పొడుగు ట్యూబుల దీపానికి ఈ వర్గం లెక్క దగ్గరలో పనిచేయదు. 90 సెంటీమీటర్ల ట్యూబుకు 10 నుంచి 20 సెంటీమీటర్లకు జరిగితే వెలుగు సగమే అవుతుంది, 1 మీటరు నుంచి 2 మీటర్లకు జరిగితే దాదాపు పావుకు దిగుతుంది.

ట్యూబును కొలిచిన రాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టు మండాయి, తెల్లారేదాకా నిద్ర లేదు. పట్టుమని ఐదు నిమిషాలు కూడా చూడలేదు. మళ్లీ కొలవాలంటే భయమేస్తోంది. – సింగరాయకొండ

వెల్డింగు చేసేవాళ్లకు ఆర్క్ తగిలినప్పుడు వచ్చేదీ ఇదే. కొన్ని గంటల తర్వాత గానీ బయటపడదు, అందుకే అప్పుడు ఏమీ కాలేదనుకుంటారు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అప్పటికీ మంట, మసక ఉంటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మందుల షాపులో మొద్దుబార్చే చుక్కలు అడిగి వేసుకోవద్దు.

భయం అక్కర్లేదు, లెక్క తెలిస్తే చాలు. 254 వెలుగు రక్షణ లేని కంటికి, చర్మానికి రోజు మొత్తంలో తగలదగ్గది చదరపు సెంటీమీటరుకు 6 మిల్లీజౌళ్లే. 30 వాట్ల ట్యూబు 1 మీటరు దూరాన 100 మైక్రోవాట్లిస్తుంది కదా, అంటే ఒక్క నిమిషంలో రోజంతటి కోటా అయిపోతుంది. మీరు దాదాపు ఐదు నిమిషాలు, బహుశా ఇంకా దగ్గరగా నిలబడ్డారు. 8 గంటలు పనిచేసే చోటైతే రీడింగు 0.2 మైక్రోవాట్లు దాటకూడదు. చాలా మీటర్ల చివరి అంకె 1 మైక్రోవాటు కాబట్టి అది చూపే సున్నాను చూసి భద్రమని తేల్చుకోవద్దు.

పాలీకార్బనేట్ ముఖకవచం 254ను ఆపేస్తుంది. మొహమంతా, మెడ దాకా కప్పేది కొనండి. పొడుగు చేతుల మందపాటి నూలు చొక్కా, చేతికి తొడుగులు. స్విచ్ గది బయట ఉండాలి. సెన్సరును ముందే బిగించి, బయటికొచ్చి వేసి, ఫోన్ కెమెరాను మీటరు తెర వైపు పెట్టి వీడియోలో చదవడం అన్నిటికన్నా సుఖం. గదిలో ఘాటు వాసన వస్తే ఆ ట్యూబు 185 నానోమీటర్లు కూడా వదిలే ఓజోన్ రకం. తలుపులు తీసి గాలి ఆడనివ్వండి. ట్యూబు పగిలితే చీపురుతో ఊడవొద్దు, లోపల పాదరసం ఉంటుంది. గాలి ఆడనిచ్చి, అట్టముక్కతో ఎత్తి, తడి గుడ్డతో తుడిచి, మూత గట్టిగా పడే డబ్బాలో వేయండి.

బొల్లికి డాక్టరు గారు నారోబ్యాండ్ యూవీబీ రాశారు. ఇంట్లో వాడే దువ్వెన దీపం కొన్నాం. 200 మిల్లీజౌళ్లతో మొదలుపెట్టమన్నారు. ఎన్ని సెకన్లో ఎలా తెలుస్తుంది? – నెల్లూరు

డోసును తీవ్రతతో భాగించాలి. దీపం చర్మానికి ఆనే దూరంలో చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీవాట్లు వస్తే 200ను 4తో భాగించి 50 సెకన్లు. లెక్క చిన్నదే, చిక్కంతా ఆ 4 దగ్గరే. ఈ దీపం 311 నానోమీటర్లది. 365కి సరిచేసిన యూవీ-ఎ మీటరు దీనికి తప్పు అంకె చూపుతుంది, ఎటు తప్పుతుందో మీటరును బట్టి మారుతుంది. నిజం కన్నా తక్కువ చూపితే మీరు సమయం ఎక్కువ పెట్టి చర్మం కాల్చుకుంటారు. కాబట్టి 311కు సరిచేసిన మీటరు లేకుండా ఇంట్లో లెక్క కట్టొద్దు. దీపాన్ని డాక్టరు గారి దగ్గరికే తీసుకెళ్లండి, ఫోటోథెరపీ యూనిట్ ఉన్న చోట సరైన మీటరు ఉంటుంది. దీపం 5 నిమిషాలు వెలిగించాక, దువ్వెన పళ్ల మధ్య ఐదు చోట్ల కొలిపించి సగటు తీసుకోండి. బల్బు మార్చిన రోజు పాత సెకన్లు వాడొద్దు, కొత్త బల్బు బలంగా ఉంటుంది, ఆ ఒక్క రోజే బొబ్బలెక్కేది. డోసు పెంచడం, ఆపడం డాక్టరు గారి మాట ప్రకారమే.

యూవీ బాగా పెడితే ఫ్లోరైడు కూడా పోతుందా? – కనిగిరి

పోదు. యూవీ చంపేది సూక్ష్మజీవులను మాత్రమే. ఫ్లోరైడు, ఉప్పు, ఇనుము దేన్నీ అది ముట్టదు. మీకు కావలసింది ఆర్వో మెంబ్రేను, లేదా యాక్టివేటెడ్ అల్యూమినా.

మా దగ్గర రెండు కంపెనీల యూవీ-సి మీటర్లున్నాయి. ఒకే ట్యూబుకు ఒకటి 96, ఇంకోటి 71 చూపుతున్నాయి. ఏది నిజం? – నీటి శుద్ధి సర్వీసింగ్, పొదలకూరు

పాతిక శాతం తేడా ఈ తరగతి మీటర్ల మధ్య అసాధారణమేమీ కాదు. సెన్సరు ఏ నానోమీటర్ల దాకా చూస్తుంది, పక్క నుంచి వచ్చే వెలుగును ఎంత పట్టుకుంటుంది అన్న దాంట్లో ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. దగ్గరలో పొడుగు ట్యూబును కొలిచేటప్పుడు రెండు చివరల నుంచి వెలుగు వాలుగా వస్తుంది, అక్కడే తేడా పెద్దదవుతుంది. రెంటినీ 1 మీటరు దూరానికి తీసుకెళ్లి మళ్లీ చూడండి. తేడా తగ్గితే కారణం కోణమే.

తగ్గకపోతే ముందు సెన్సరు తెల్లటి ముఖాన్ని మెత్తటి గుడ్డకు స్పిరిట్ అద్ది తుడవండి. తీరం దగ్గర తిరిగే మీటరుకు ఉప్పు పొర పట్టడం మామూలే, సెన్సరు వైరు ప్లగ్గు కూడా పచ్చగా చిలుం పట్టి ఉండొచ్చు. ఏసీ కారులోంచి తీసి నేరుగా ఉక్కపోత షెడ్డులోకి తీసుకెళితే సెన్సరు మీద ఆవిరి పట్టి రీడింగు పడిపోతుంది, అరగంట బయట ఉంచి వాడండి. మూత పెట్టి సున్నా వస్తోందో చూడండి. బ్యాటరీ గుర్తు వెలిగే దాకా ఆగకుండా కొత్తది వేయండి. తెర మీద ఒట్టి ‘1’ నిలిచిపోతే అది రీడింగు కాదు, రేంజి దాటిందని. ట్యూబుకు 10 సెంటీమీటర్ల దగ్గర 30 వాట్ల దీపమే 2000 మైక్రోవాట్లు దాటిపోవచ్చు, కాబట్టి మిల్లీవాట్ల రేంజికి మార్చాలి. 1000 మైక్రోవాట్లు 1 మిల్లీవాటు. చదరపు మీటరుకు వాట్లలో చూపే మీటరైతే 10 వాట్లు మన 1 మిల్లీవాటుకు సమానం. ఈ మార్పిడిలో ఒక సున్నా తేడా చేసి మంచి ట్యూబులు పారేసినవాళ్లున్నారు.

ఇవన్నీ అయ్యాక కూడా తేడా ఉంటే ఒక మీటరును సరిచేయించాలి. దేశంలో కొలతలకు మూలం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. దాని కొలబద్దకు గొలుసుకట్టుగా కలిసే ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ల్యాబులు బయట ఉన్నాయి. పంపే ముందు ‘254 నానోమీటర్ల దగ్గర, ఎంత తీవ్రతల మధ్య సరిచేసిస్తారు’ అని రాతపూర్వకంగా అడగండి. ‘యూవీ కాలిబ్రేషన్’ అని మాత్రమే రాసిన సర్టిఫికెట్ 365 దగ్గర చేసింది కావచ్చు, అది మీకు పనికిరాదు. సర్టిఫికెట్‌లో అనిశ్చితి శాతం (అంకె ఎంత అటూఇటూ ఉండొచ్చో) ఉండాలి, ఎన్ని మైక్రోవాట్లకు మీటరు ఎంత చూపిందో పట్టిక ఉండాలి. ఏడాదికోసారి చాలు.

అలా సరిచేయించి తెచ్చిన మీటరును పనికి తిప్పొద్దు. ఆఫీసులోనే ఉంచి, మూడు నెలలకోసారి ఒకే ట్యూబు ముందు రెండో మీటరును దాని పక్కన పెట్టి, గుణకం (రెండోదాని అంకెను ఎంతతో గుణిస్తే మొదటిదాని అంకె వస్తుందో) చీటీ రాసి రెండో దాని వీపున అంటించండి. మీ 71 మీటరుకు గుణకం 1.35 అని తేలితే తిరుగుడు పనికి అదే తీసుకెళ్లండి. ఒక కస్టమరు దగ్గర ఒకసారి ఒక మీటరు, మరోసారి ఇంకో మీటరు మాత్రం వాడకండి.